క్యాజువాలిటీ దాటితే

"జీతం పెంచాల్నా? ఎందుకమ్మా?" అన్నాడు రాజేందర్, కుర్చీలో వెనక్కి వాలి.

కొత్తకోట హైవే పక్కనున్న ఆ దవాఖానకు ఓనరు ఆయనే. ప్లాట్లమ్మి సంపాదించాడు. నాడి పట్టడం రాదు గానీ డాక్టర్లకు ధర కట్టడం మాత్రం బాగా వచ్చు.

క్యాజువాలిటీ డాక్టరు నిరోష ఎదురుగా నిలబడే ఉంది. జీతగాళ్లను కూర్చోమనే అలవాటు ఆయనకు లేదు.

"పొద్దున లారీ గుద్దినాయన బతికిండు సార్. గొంతుల పైపు ఏసి ఊపిరి నిలబెట్టింది నేను. సర్జన్ సార్ అచ్చేటాల్లకు గంటయింది."

"గా సర్జన్ పేరు జూసి పేషెంట్లు వస్తరు. నీ పేరు ఎవలకెరుక? క్యాజువాలిటీ అంటే గేటమ్మా. గేటుకాడ ఉన్నోల్లకు గింతనే ఇస్తరు."

"ఎమర్జెన్సీల పీజీ చేసిన సార్."

"చేస్తే? ముసలిదానివైనా గా గేటుకాడనే ఉంటవ్. పోతనంటే పో. ఒక్క ఫోన్ కొడితే ఇంకో డ్యూటీ డాక్టర్ వస్తడు."

బల్బు మాడితే ఇంకోటి బిగించినంత తేలిక ఆయనకు. నిరోషకు ఒళ్లు మండిపోయింది. ఇంటి కిరాయి గుర్తొచ్చి కోపం దిగమింగుకుంది.

అంతలో మల్లికార్జున్ లోపలికొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆర్ఎంపీగా పేరున్నవాడు. జ్వరమొస్తే తనే సూది వేస్తాడు, పెద్ద రోగమైతే ఈ దవాఖానకు పంపి కమీషన్ తీసుకుంటాడు. ఆయన్ని చూడగానే రాజేందర్ దిగ్గున లేచాడు.

"రాండ్రి డాక్టర్ సాబ్, కూసోండ్రి! అరేయ్, చాయ్ తేండ్రి! బిస్కెట్లు గూడ!"

నిరోష నిలబడే ఉంది. కమీషన్ కోసం వచ్చినాయనకు మెత్తటి సోఫా దొరికింది. సిగ్గులేని మర్యాద!

"చూడమ్మా గీయనను," అన్నాడు రాజేందర్. "పదో తరగతి దాటిండో లేదో. అయినా నాకు గిన్ని కేసులు పంపుతడు. ఇల్లు కట్టిండు, కారు కొన్నడు. నువ్వేమో చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు జీతం జీతం అంటవ్."

ఆయన పొగిడినా తిట్టినట్టే ఉంటుంది. మల్లికార్జున్ నిరోష వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ఊకోండ్రి సార్."

"ఎందుకు ఊకోవాలె? గీ సూదులేసుడు, కేసు పసిగట్టుడు మీరు యాడ నేర్సుకున్నరో గీమెకు చెప్పుండ్రి. జర బుద్ధొస్తది."

మల్లికార్జున్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"మీ క్యాజువాలిటీలనే సార్. ఎంబీబీఎస్ అయినంక రెండేండ్లు గీ మేడమ్ చేసే డ్యూటీనే చేసిన. గా జీతం సాలక ఊర్లు పట్టుకుంటే జనం ఆర్ఎంపీ అనుకున్నరు. మీరు ఒక్కసారన్న నా మొకం చూడలే."