ఖాళీ ఓవెన్

“ఓవెన్‌లో గిన్నెలన్నీ బయటికెందుకొచ్చాయి అత్తయ్యా?” అంది మారిసెలా.

మెక్సికోలోని పువెబ్లాలో ఏ ఇంట్లో చూసినా ఓవెన్ అంటే గిన్నెల అల్మారాయే. ఇవాళ పెనాలూ మూకుళ్ళూ బల్లమీద కుప్పగా పడున్నాయి. ఓవెన్ తలుపు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

“తుడిచాలే,” అంది యులాలియా.

“వేడి చేసి మరీ తుడిచారా?”

“ఏమిటే, పోలీసులా నిలదీస్తున్నావ్?”

అత్తగారి మోచేతికి కోకో పొడి అంటుకుని ఉంది. తన చాక్లెట్ కప్‌కేకులకి ఎప్పుడూ వంకలు పెట్టే మనిషి! రేపు వచ్చే చుట్టాల ముందు తనని చిన్నబుచ్చడానికే ఈ దొంగచాటు వ్యవహారం. బల్ల కింద గుడ్డ కప్పిన పళ్ళెం కనపడగానే మారిసెలా బయటికి లాగేసింది.

ఎనిమిది కప్‌కేకులు. ఎనిమిదీ నడుమ గుంటలు పడ్డాయి.

“చూశావుగా, ఇక నవ్వు,” అంది యులాలియా. “రేపు నీ పుట్టినరోజు. ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది, ఏటా నీ కేకులు నువ్వే చేసుకుంటున్నావు. మూడుసార్లు చేశాను. పొంగుతున్నాయో లేదోనని తలుపు తీసి చూస్తానా, చతికిలబడిపోతున్నాయి.”

మారిసెలా గుడ్డ మళ్ళీ కప్పి, పళ్ళెం బల్ల కిందికి తోసేసింది.

“నేనేం చూడలేదు. బజారుకెళ్తున్నా, గంటదాకా రాను.” గుమ్మం దగ్గర ఆగింది. “ఈసారి తలుపు తియ్యకండి అత్తయ్యా. పొంగుతాయి.”