ఎర్ర కాలిపర్లు

"బ్రేకులు వేయించాల్సింది నీ కారుకి కాదు బావా, నీ నోటికి."

మెకానిక్ ఆ మాట మెల్లగా అనలేదు. షెడ్డులో ఉన్న పదిమందికీ వినపడేలా అన్నాడు. పక్క కొట్టు టైర్లాయన టీ గ్లాసు పెదాల దగ్గరే ఆపేశాడు. బెంచీ మీదున్న స్కూటర్ మనిషి నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు.

బావ మొహం కందగడ్డలా అయింది. మెకానిక్‌కి అక్క మొగుడు. పొద్దున తొమ్మిదికి వచ్చినవాణ్ణి పదకొండు దాకా కూర్చోబెట్టడమే కాక, పైన ఈ మాట ఒకటి. లిఫ్టు మీదున్నది అతని కారే. వారమంతా ఆఫీసుకి వెళ్తుంది. నెలకొక ఆదివారం మాత్రం రేసు ట్రాక్‌కి. ఆ రోజు ఫీజు కట్టినవాళ్ళెవరైనా అక్కడ కారు తిప్పుకోవచ్చు.

"నేనడిగింది ఎర్ర కాలిపర్ల సంగతి," అన్నాడు బావ పళ్ళు నూరుతూ. "పెద్దవి. చక్రం సందుల్లోంచి కనపడాలి. వేస్తావా, వెయ్యవా?"

"వెయ్యను. కాలిపర్ అంటే ఏంటనుకున్నావ్? ప్యాడ్లని చక్రంతో పాటు తిరిగే డిస్కుకి నొక్కే పట్టకారు. నీ కారుకున్న పట్టకారు గట్టిదే. వేడికి చచ్చేది ఆయిలు. నువ్వు బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్ళయింది. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొడితే మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు తొక్కితే పెడల్ నేలకి దిగుతుంది తప్ప కారు ఆగదు. ట్రాక్ ఆయిల్ పోద్దాం, ట్రాక్ ప్యాడ్లు వేద్దాం. అంతే. ఎర్ర రంగు కారుని ఆపదు."

"అంటే నాకేం తెలీదంటావ్."

"ఎందుకు తెలీదు? యాక్సిలేటర్ బాగా తెలుసు. మా అక్కనడిగితే చెబుతుంది."

అందులో అబద్ధం లేదు. కారులో వెళ్తున్నప్పుడు ఏదైనా మాట తేడా వస్తే బావ అరవడు. స్పీడు పెంచుతాడు. అక్క నోరు మూసుకునేదాకా పెంచుతూనే ఉంటాడు. పదకొండేళ్ళు అలా పక్క సీట్లో కూర్చుని కూర్చుని, ఇప్పుడు వంటింట్లో కుర్చీ మీదున్నా సరే, ఎవరైనా గొంతు కాస్త పెంచితే చాలు, ఆవిడ కుడికాలు నేలని గట్టిగా తొక్కుతుంది. అక్కడ లేని బ్రేకుని.

బావ లేచాడు. "మా మొగుడూ పెళ్ళాల మధ్య నీకేం పనిరా? చేతికి గ్రీజు అంటినవాడల్లా ఇంజనీరే!"

"నేను ఇంజనీర్ని కాదు. అయినా చెబుతున్నా విను. ఆ ఎర్రవాటితో పెట్టెలో వచ్చే ప్యాడ్లు రోడ్డువి. ట్రాక్‌కి పనికిరావు. మూడు రౌండ్లు తిప్పి ఆపు, చల్లారనివ్వు. నాలుగోది తిప్పావో, నీ ఖర్మ."

"ఆరు తిప్పుతా. ఏం చేస్తావ్?"

"పక్క సీట్లో ఎవరైనా ఉంటారా?"

"ట్రాక్ మీద రెండో మనిషిని ఎక్కనివ్వరు. ఆ మాత్రం తెలీదు గానీ బ్రేకుల గురించి నాకు పాఠాలు!"

"అడిగానంతే."

కారు దించమన్నాడు బావ. మెకానిక్ దించాడు. బిల్లు పుస్తకంలో ఒక కాగితం మీద 'ఆయిలు, ప్యాడ్లు మార్చమని చెప్పాను, వద్దన్నారు' అని రాసి ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు. రేపు నా మీదకి రాకూడదు."

"వాడు నీ మంచికే చెబుతున్నాడయ్యా," అని నచ్చజెప్పబోయాడు టైర్లాయన. బావ కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి, తాళాలు లాక్కుని వెళ్ళిపోయాడు.

"కాస్త మెత్తగా చెప్పుంటే వినేవాడేమోరా," అన్నాడు టైర్లాయన.

మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు.

ఎర్ర కాలిపర్లు ఇంకో షాపువాడు బిగించాడు. ట్రాక్ ఆయిల్ పొయ్యమంటారా, ప్యాడ్లు కూడా మార్చమంటారా అని వాడూ అడిగాడట. "మా బావమరిదిదీ ఇదే పాట. ఉన్న ఆయిల్లోనే తగ్గినంత పోసి ఇవ్వు," అన్నాడట బావ.

ఆదివారం ఐదో రౌండులో, తిన్నని దారి చివర మలుపు దగ్గర, పెడల్ నేలకి దిగింది. కారు ట్రాక్ పక్కన పోసిన కంకర దాటుకుని, అడ్డంగా పేర్చిన టైర్ల గోడలోకి దూసుకుపోయింది.

ప్రాణం దక్కింది. మోకాళ్ళు రెండూ ముక్కలయ్యాయి. ఇక జన్మలో కారు నడపలేడని తేల్చేశాడు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో బావ తల్లి మెకానిక్ చేతులు రెండూ పట్టుకుని భోరుమంది. "పదిమందిలో పోట్లాడి మరీ చెప్పావట కదా నాయనా! టైర్లాయన అంతా చెప్పాడు. నా కొడుకే చెవిన పెట్టలేదు. బావ బతుకు కోరేవాడు బావమరిదని ఊరికే అన్నారా!"

అక్క ఏడవలేదు. తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నిజంగా చెప్పావా?" అంది చివరికి.

"అంతా చెప్పానక్కా. ఒక్క ముక్క కూడా దాచలేదు."

తను చెయ్యమన్న పని పదకొండేళ్ళలో ఒక్కసారైనా బావ చేసిన పాపాన పోలేదనీ, అందులోనూ పదిమందిలో చెబితే చచ్చినా చెయ్యడనీ తెలిసే, ఆ రోజు షెడ్డు నిండా జనం చేరేదాకా ఆగి మరీ అతను నిజం చెప్పాడు.