కుందేలు ఉన్న పటం

మా అత్త మహాదేవమ్మ గోడ మీది చందమామ పటానికి కర్పూరం వెలిగిస్తుంటే నేను పొయ్యి వైపు తిరుగుతాను.

పోయిన పున్నమికి మా ఆయన పెట్టె కెమెరా అడిగి తెచ్చి, మిద్దె మీద నుంచి చందమామను ఫోటో తీశాడు. కడిగిస్తే బియ్యపుగింజంత తెల్లచుక్క వచ్చింది. చందమామలోని కుందేలును ఇంట్లో పెట్టుకుంటే వానలు పడతాయని అత్త అప్పటికే వీధంతా చెప్పుకుంది. ఆమెకు జడిసి ఆయన ఇంకో రీలు వేసి, వారం తిరక్కుండా పెద్ద చందమామను కుందేలుతో సహా తెచ్చి ఇచ్చాడు.

ఈరోజు నేను కాల్చిన రొట్టె మళ్ళీ మాడింది.

“మీయమ్మ నీకు ఇదేనా నేర్పింది? ఇంగోసారి మాడితే పుట్టింటికి పంపిస్తా,” అని అత్త దాన్ని నా కాళ్ళ ముందుకు విసిరేసింది. చేతులు కడుక్కుని పటం వైపు తిరిగి, కొడుకును పిలిచింది. “ఎంత సక్కగుండాది కుందేలు. నువ్వూ మొక్కురా, ఉరుకుందూ.”

మా ఆయన నా వైపు చూడకుండా చేతులు జోడించాడు.

ఆయన రెండో రీలు వేసిన వారం కూడా అత్త ఇలాగే ఒక జొన్నరొట్టె విసిరేసింది. ఆయన దాన్ని ఏరుకుని, నల్ల గొంగడికి తగిలించి, ఎండలో ఫోటో తీశాడు. కుందేలు ఒళ్ళు మాడిన మచ్చ. చెవులు, రొట్టె తట్టిన నా వేళ్ళ అచ్చులు.