త్రిభుజాల పాఠం

నిరోషా ఫోను మళ్లీ మోగింది.

తెర మీద ‘బాలస్వామి, తాండూరు’ అన్న పేరు చూసి ఆమెకు నీరసం వచ్చింది.

బడి మధ్యలో మానేసిన పెద్దవాళ్ల కోసం వికారాబాద్‌లో ఓ సంస్థ ఆన్‌లైన్‌లో పదో తరగతి పాఠాలు చెబుతోంది. ఎవరికి ఎట్లా అర్థమవుతుందో చూసి, దానికి తగ్గట్టు పాఠాన్ని మలచి పంపడం నిరోషా ఉద్యోగం. నాలుగు వందల మందికి ఆమె ఒక్కతే.

“మేడం, త్రిభుజాల పాఠం జర బొమ్మలెక్కువ వెట్టి చెప్తరా? మాటలు సమజైతలేవు.”

చేసి పంపింది.

రెండు రోజులకు మళ్లీ ఆయనే.

“బొమ్మలతోని ఫాయిదా లేదు మేడం. వట్టి మాటలతోనే చెప్పుండ్రి.”

ఆదివారం సెలవు పోగొట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా రికార్డు చేసి పంపింది.

వారం తిరక్కముందే మూడోసారి.

“మాటలు, బొమ్మలు రెండు వద్దు మేడం. చేతులతోని చేసి నేర్సుకునేటట్టు ఏమన్న ఉంటదా?”

ఆమె ఓపిక తెగిపోయింది.

“మీకేం కావాల్నో మీకే తెల్వదా? నాకు మీరొక్కరే ఉన్నరా?”



“పరేషాన్ గాకుండ్రి మేడం. నేనే ఏదన్న జూస్త.”

ఆ తర్వాత రెండుసార్లు చేశాడు. ఆమె ఎత్తలేదు. మరి చేయలేదు. పోనీలే, ఒక పీడ విరగడైంది అనుకుంది.

ఫలితాలొచ్చాయి. తాండూరులో ఒకే నాపరాళ్ల పాలిష్ యూనిట్ నుంచి ముగ్గురు ఆడవాళ్లు పాసయ్యారు. మెమోలు ఇవ్వడానికి నిరోషా వెళ్లింది.

చేతుల నిండా రాతిపొడితో, వాళ్లలో ఒకరైన బీరమ్మ ఎదురొచ్చింది. వెనకాల ఆమె భుజం పట్టుకుని ఒకమ్మాయి, పక్కన నవ్వుతూ సైగలు చేస్తున్న ఇంకో ఆవిడ.

“గీ వర్షితకు కండ్లు కానరావు మేడం. రామమ్మకు చెవులు వినరావు. మీరు పంపిన పాఠాలతోనే ఇద్దరు గట్టెక్కిన్రు.”

“మరి నువ్వు?”

“నాకు చేసి చూస్తెనే తలకెక్కుతది. మా యూనిట్ కాపలా బాలస్వామి తాత రాయి ముక్కలు మూడు మూలలుగ కోసి, నా చేతులల్ల వెట్టి కొలిపిచ్చిండు. మా తాన ఫోన్లు యాడియి? ఆయన ఫోన్ల పాఠం వెట్టి, ఎవరికి సమజ్ కాకున్నా మీకు చేసెటోడు.”

నిరోషా గబగబా పాసైనవాళ్ల జాబితా తిరగేసింది. ఆ పేరు లేదు.

“ఆయనేడి? ఒక్కసారి మాట్లాడాలె.”

“ఊపిరాడక దవాఖానల వడ్డడు మేడం. పోయిన నెలనే పాణం పోయింది.”

 నిరోషా పక్కనున్న బండల మీద కూర్చుండిపోయింది.

“ఆయన పరీక్ష రాయలేదా?” అంది.

బీరమ్మ విచిత్రంగా చూసింది.

ఎవరికి ఎట్లా చెబితే ఎక్కుతుందో ముగ్గురి విషయంలోనూ కనిపెట్టిన ఆ కాపలాదారు, చివరి రోజుదాకా హాజరు పుస్తకంలో వేలిముద్రే వేశాడట.