బాబోయ్

"సౌండు తీసేయవా అమ్మా, ఒక్క అయిదు నిమిషాలు."

ముసలాయన అడగడమే ఆలస్యం, క్యాంటీన్‌లో పిల్లలంతా ఒక్కసారిగా లేచారు.

"వద్దు తాతా! ఇప్పుడే బాబోయ్ వస్తుంది!"

బడి వదలగానే పిల్లలు ఆ క్యాంటీన్ టీవీ ముందు చేరేది ఆ బాబోయ్ కోసమే. కార్టూన్‌లో ఒక తల్లి ఎలుగుబంటి లాంతరు పట్టుకుని ఇంట్లో ఒక్కో తలుపే తీస్తుంది. తీసినప్పుడల్లా "బాబోయ్!" అని అరుస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ కార్టూన్ పుట్టిన పరాయి దేశంలో మాత్రం పెద్దవాళ్లు చూసి కళ్లు తుడుచుకుంటారట.

ముసలాయనకు గొడుగులు బాగుచేయడం పని. పసితనంలో ఎవరో ఓడరేవు నుంచి తెచ్చి ఈ వీధిలో వదిలారని, అసలు పేరు ఆయనకే గుర్తులేదని అంటారు. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. కార్టూన్‌ని సౌండు లేకుండా చూస్తాడని పిల్లలే 'మ్యూట్ తాత' అని పేరు పెట్టారు. ఆయన దానికే పలికేవాడు.

"ఏంటి తాతా, ఈ వయసులో ఎలుగుబంటి మీద మనసు పడ్డావా?" అంది క్యాంటీన్ నడిపే అక్క.

"ఆ నోరు నాకు తెలిసిన నోరులా ఉందమ్మా."

అందరూ గొల్లుమన్నారు. అక్క మాత్రం రిమోట్ నొక్కింది.

క్యాంటీన్ పైన డబ్బింగ్ స్టూడియో ఉంది. ఆ కార్టూన్‌కి మాటలు రాసిన రచయిత టీ కోసం అప్పుడే దిగాడు. తన బాబోయ్ మూగబోయి కనిపించేసరికి ముఖం మాడ్చుకున్నాడు.

"నా మాటల కోసం జనం టీవీ పెడుతుంటే, నువ్వు గొంతు నొక్కేస్తావేంటి తాతా?"

"రాసింది నువ్వేనా బాబూ?" ముసలాయన లేచి నిలబడ్డాడు. "ఆవిడ నిజంగా అనేది బాబోయ్ కాదు గదా?"

"ఏం, బాగాలేదా?"

"భయపడ్డ మనిషి వెనక్కి గెంతుతుంది. ఈవిడ లోపలికి వెళ్తోంది."

రచయిత నవ్వాడు. "చూడు తాతా, ఆ బొమ్మ పెదాలు రెండుసార్లు కలుస్తాయి. మనం పెట్టే మాట వాటికి అతకాలి. మ అన్నా, బ అన్నా పెదాలు ఒకేలా కలుస్తాయి. అందుకే బాబోయ్ పెట్టా. ఊరంతా నవ్వుతోందా లేదా?"

"నవ్వుతోంది. మరి అసలు మాటేంటి బాబూ?"

"ఎవరిదో పేరు. మన పిల్లలకి నవ్వు రాదని తీసేశా."

ముసలాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఆ పేరు ఒక్కసారి వినిపిస్తావా?"

"ఇప్పుడెక్కడ గుర్తుంటుంది? ఒరిజినల్ సౌండు పైన ఉంది. రేపు రా, చూద్దాం."

మర్నాడు వచ్చాడు. "పనిలో ఉన్నా తాతా." ఆ మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత ఆయన కనిపిస్తే చాలు, రచయిత ఫోను చెవికి ఆనించుకుని పక్కకి తప్పుకునేవాడు. చివరికి వాచ్‌మన్ మెట్ల దగ్గరే ఆపేశాడు.

"ఒక్క మాట విని దిగిపోతాను నాయనా."

"సౌండు వద్దనేది నువ్వే, సౌండు కావాలనేదీ నువ్వేనా? పో తాతా, పో."

రచయిత చెడ్డవాడేమీ కాదు. నిమిషం పని, బద్ధకించాడు, అంతే. ఆ 'అంతే' వింటేనే ఒళ్లు మండుతుంది.

ముసురు పట్టింది. గొడుగులు కుప్పగా వచ్చిపడే రోజుల్లో ముసలాయన క్యాంటీన్‌కి రాలేదు. అక్క వెళ్లి చూసేసరికి, విరిగిన గొడుగుల మధ్య గోడకి ఒరిగి ఉన్నాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది.

శ్మశానంలో గుమాస్తా పేరు అడిగాడు. ఎవరికీ తెలీదు. చేసేది లేక 'మ్యూట్ తాత' అనే రాయించారు. రచయిత కూడా వెళ్లాడు గానీ, తడుస్తున్నానని త్వరగా వచ్చేశాడు.

ఎండలు వచ్చాక ఆ కార్టూన్ గీసినావిడ స్టూడియో చూడ్డానికి వచ్చింది. ముసలావిడ, చేతికర్ర. ఆవిడ మాటల్ని మన భాషలో చెప్పడానికి పక్కన ఒక అమ్మాయి. నవ్వే పిల్లల్ని చూపించాలని రచయిత ఇద్దర్నీ హుషారుగా క్యాంటీన్‌కి తీసుకొచ్చాడు.

"బాబోయ్!" అంది టీవీలో ఎలుగుబంటి. పిల్లలు పగలబడి నవ్వారు.

ముసలావిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఏదో చెప్పింది.

"మా దగ్గర ఏడుస్తారు. ఇంకో దేశంలో పిల్లల్ని నిద్రపుచ్చడానికి వేస్తారు. మీరు నవ్వుతున్నారు. ఎవరిష్టం వాళ్లది" అని ఆ అమ్మాయి మన భాషలో చెప్పింది. "కానీ నేను గీసింది వీళ్లెవరి కోసమూ కాదు అంటున్నారు."

"మరి ఎవరి కోసం?" అన్నాడు రచయిత. ఆవిడ చెబుతుంటే అమ్మాయి మన భాషలోకి మార్చింది.

"మా తమ్ముడి కోసం. ఓడ దిగేటప్పుడు తొక్కిసలాటలో వాడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అమ్మ పోయేదాకా గదిగదికీ వెళ్లి వాణ్ణి పిలుస్తూనే ఉంది. ఆ ఎలుగుబంటికి మా అమ్మ నోరే పెట్టాను. ఏ దేశమైనా మాట మారుస్తుంది గానీ నోరు మార్చలేదు కదా. ఎక్కడున్నా చూసి గుర్తుపడతాడని నా ఆశ."

రచయిత ముసలాయన రోజూ కూర్చునే బల్ల వైపు తిరిగాడు.

"ఇక్కడ దీన్ని పెద్దవాళ్లెవరైనా చూస్తారా?" ఆవిడ ప్రశ్నను అమ్మాయి అందరినీ అడిగింది.

అక్క కళ్లొత్తుకుని, రిమోట్ అందుకుని సౌండు తీసేసింది. పిల్లలు ఈసారి అరవలేదు.

తెర మీద తల్లి ఎలుగుబంటి ఇంకో తలుపు తీసింది. దాని పెదాలు రెండుసార్లు కలిశాయి. వాటితోపాటే ముసలావిడ పెదాలూ కలిశాయి.

"మాబో!"

మ్యూట్ తాత అసలు పేరు ఆ వీధికి తెలిసింది అప్పుడే.