వెనక గది లేని తలుపు

జానపద కథల్లాంటి ఒక వీడియో గేమ్ కోసం మా అమ్మాయి మంత్రగత్తె గుడిసె తయారుచేసింది. అది పూర్తికాకముందే తను పోయింది. గుడిసెను చెరిపేసేముందు నాకు చూపించాలని, తనతో పనిచేసే స్నేహితురాలు ఆ రాత్రి నన్ను ఆఫీసుకు పిలిచింది.

తెరమీద అడవిలో మంచు నిదానంగా రాలుతోంది.

"మంత్రగత్తెకి మీ ముక్కే పెట్టింది, చూశారా బాబాయ్?"

నవ్వాను. "తలుపు తియ్యమ్మా, లోపల కూడా చూస్తాను."

"లోపలేం లేదు బాబాయ్. తలుపు ఉత్త బొమ్మే. వెనక గది ఇంకా గియ్యనేలేదు."

ఇంట్లో మా అమ్మాయి గది గొళ్లెం ఎప్పుడూ బిగుసుకుపోయేది. రెండుసార్లు గుంజాక, మూడోసారికి గాని వచ్చేది కాదు.

తెరమీది గుడిసెలో గొళ్లెం చప్పుడైంది. కాసేపాగి మళ్లీ అయింది. స్నేహితురాలికి అది వినపడినట్టు లేదు.

"ఇక చెరిపేయనా బాబాయ్?"

"ఒక్క క్షణం ఆగమ్మా," అన్నాను. "వస్తోంది."