తొమ్మిదో షాపు

“ఆగండి, నేనే చూస్తాను,” అంటూ నాగమణి అతని చేతిలోంచి ఫోన్ అందుకుంది.

బాలరాజు లోలోపల నవ్వుకున్నాడు. మేడ్చల్ బస్టాండు ఎదుట పాత ఫోన్ల దుకాణం పెట్టి ఆరేళ్లయింది. ఫోన్ కొనడానికొచ్చే ఆడవాళ్లు ముందు రంగు చూస్తారని, ఆ తర్వాత కెమెరా చూస్తారని అతని నమ్మకం.

ఈమె మాత్రం నంబర్లు నొక్కే చోటు తెరిచి స్టార్, హ్యాష్, సున్నా, స్టార్, హ్యాష్ కొట్టింది. తెరంతా గళ్లు గళ్లుగా పరీక్షల పట్టిక వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే నొక్కి మచ్చలేమైనా ఉన్నాయేమో వెతికింది. స్పీకర్ చెవికి ఆనించుకుని వింది.

“పరేషాన్ గాకుండ్రి మేడం. ఫోన్ మస్తు కండిషన్ల ఉంది.”

“పొద్దుట్నుంచి అలియాబాద్, శామీర్‌పేట తిరిగి వస్తున్నానండీ. మీది తొమ్మిదో షాపు. నాకు ఈ మోడలే కావాలి. చెయ్యి దీనికే అలవాటు పడిపోయింది.”

ఇంత దూరం తిరిగిన మనిషి ఉత్త చేతుల్తో పోదు. ఎలాగైనా అంటగట్టాల్సిందేననుకున్నాడు బాలరాజు.

టచ్ పరీక్షలో ఆమె వేలు నేరుగా కింది ఎడమ మూలకు వెళ్లింది. అక్కడ ఒక గడి మాత్రం రంగు మారలేదు.

“ఇక్కడ టచ్ పనిచెయ్యట్లేదు.”

బాలరాజు తెల్లబోయాడు. రెండు వారాలుగా తన అల్మారాలోనే ఉన్నా ఆ సంగతి అతనికే తెలియదు.

“గదేం పెద్ద లోపం గాదు మేడం. రేటు తగ్గిస్త తియ్యి.”

“ముందు ఎవరు వాడారు?”

“మా బావమరిది. కొన్నకాడి నుంచి ఒక్కడే వాడిండు. పాణం లెక్క సూసుకున్నడు.”

బాలరాజుకు బావమరుదులే లేరు. ఎవరో బిల్లు లేకుండా తెస్తే పేరైనా అడక్కుండా కొన్నాడు.

“పాత ఫొటోలు ఏమైనా ఉన్నాయా?”

“అంతా సాఫ్ జేసిన. కొత్తదాని లెక్కనే.”

“ఒక్కటీ లేదా?”

“ఒట్టు మేడం, ఒక్కటి లేదు.”

నాగమణి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. తర్వాత స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కింది. ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, పదిహేను అంకెలూ తెర మీద తేలాయి. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివి, తలూపింది.

బేరం కుదిరినట్టేనని బాలరాజు అట్టపెట్టె తీశాడు.

“పెట్టె అక్కర్లేదు,” అంది ఆమె, ఫోన్ గుప్పిట్లో బిగించి.

“మస్తు హుషారున్నరు మేడం! ఆరేండ్ల సంది గిదే పని జేస్తున్న, గిన్ని కోడ్లు నాకే యాదికుండయ్. యాడ నేర్చుకున్నరు?”

“ఈ ఫోన్‌లోనే, పోయిన నెల బస్సులో ఎవడో కొట్టేసేదాకా.”